చెరిపేసిన నీలం రాయి

నా పని రాళ్ళు చెరపడం. మా తమ్ముడి రాతి అచ్చు ప్రెస్సులో ఒక్కో రంగుకు ఒక్కో రాయి. అచ్చు పూర్తయ్యాక ఇసుక చల్లి, నీళ్ళు పోసి, పైన ఇంకో రాయి పెట్టి రుద్దుతాను. బొమ్మ పోతుంది, రాయి కొత్త బొమ్మకు సిద్ధమవుతుంది. నేను అక్షరాలు నేర్చుకున్నదీ ఈ రాళ్ళ మీదే. రాతి మీద రాత తిరగేసి ఉంటుంది కదా, అందుకని మొదట్లో పుస్తకాన్ని అద్దానికి చూపించి చదువుకునేదాన్ని.

ప్రెస్సులో ఒకటే కట్టుబాటు. బొమ్మ గీసినవారు చివరి కాగితం మీద సంతకం పెట్టేదాకా రాయిని ముట్టుకోకూడదు. ఆ మంగళవారం నేను ముట్టుకున్నాను.

బొమ్మ స్కేలు మాష్టారిది. స్కేలు లేనిదే గీత గీయరని తమ్ముడు పెట్టిన పేరు. రెండు చతురస్రాలు, ఒకటి నీలం, ఒకటి పసుపు, మధ్యన వెంట్రుకవాసి తెల్లటి సందు. అంతే. ఆయన కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి. ఇదే ఆఖరి బొమ్మ అని ముందే చెప్పారు. ముప్పై కాగితాల మీద నీలం పడింది. పసుపు మర్నాడు వేయాలి. పోయేదాన్ని కళ్ళెదుట పెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదు. నీలం రాయి రుద్దేశాను.

మర్నాడు మాష్టారు ఒక కాగితం కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, ముక్కుకు ఆనించుకుని చూశారు.

"నీలం చాల్లేదోయ్. ఇంకో పూత వెయ్యి."

తమ్ముడు రాళ్ళ బల్ల వైపు తిరిగాడు. "అక్కా, నీలం రాయేది?"

కడిగిన పలకలా ఉన్న రాయిని చూపించాను.

"మతి గానీ పోయిందా నీకు? ఈ కళ్ళతో ఆయన మళ్ళీ గీయాలా ఇప్పుడు?"

"తప్పు నాదే," అన్నాను. ఆయన ఆఖరి బొమ్మ నా చేతుల్లో పాడైపోయింది.

మాష్టారు స్టూలు మీద కూర్చున్నారు. "ఎందుకంత తొందర చెల్లెమ్మా? రాయేమైనా రైలెక్కాలా?"

"రైలు మాటెత్తకండి. మా ఆయన్ని రైలెక్కించి, బండి కదలకముందే వచ్చేశాను. చూడలేక. కదిలేటప్పుడు కిటికీలోంచి చెయ్యి ఊపారట, పక్కింటాయన చెప్పాడు. ఆ తర్వాత కబురే వచ్చింది, మనిషి రాలేదు."

తమ్ముడు అవసరం లేకపోయినా రంగు డబ్బాల మూతలు తీసి, మళ్ళీ పెట్టాడు.

మాష్టారు తమ్ముడి వైపు తిరిగారు. "పసుపు కలుపు. బాగా పలచగా. ఒక బూడిదరంగు చుక్క పడెయ్."

"చచ్చిన పసుపవుతుంది మాష్టారూ."

"కానివ్వు. పక్కవాడు గొంతు తగ్గిస్తే వీడి మాట వినబడుతుంది."

నాలుగుసార్లు కలిపి, నీలం పడిన చిత్తుకాగితాల మీద వేశారు. నాలుగూ కుదరలేదు. అయిదోది కాగితం మీద పడగానే నీలం చిక్కబడింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నమ్మలేక పసుపును అరచేత్తో మూశాను, నీలం వెలవెలబోయింది. చెయ్యి తీశాను, మళ్ళీ చిక్కబడింది.

"మోసంలా ఉందే," అన్నాను.

"నలభై ఏళ్ళుగా ఈ మోసంతోనే బతుకుతున్నాను," అన్నారు మాష్టారు.

ముప్పై కాగితాల మీదా ఆ పసుపే వేశాక, సంతకాలకు మధ్యాహ్నమంతా పట్టింది. ఆయనకు కాగితం అంచు కనబడక, ప్రతిసారీ మూల నా వేలు పెట్టాను. వేలు తడిమి, దాని పక్కన సంతకం పెట్టారు. ముప్పయ్యోది అయ్యాక పెన్సిలు జేబులో పెట్టుకున్నారు.

"ఇక పసుపు రాయి రుద్దుకో చెల్లెమ్మా."

"రేపు చూద్దాంలెండి," అన్నాను. తమ్ముడు నా మొహం వైపు చూశాడు.

ఆయన వెంట గుమ్మం దాకా వెళ్ళాను. కర్ర తాటించుకుంటూ ఆయన మెల్లగా నడుస్తున్నారు. సందు మలుపు దాకా చాలాసేపు పడుతుంది. కాలు లోపలికి లాగింది. గడప పట్టుకుని నిలబడ్డాను. అంత దూరం నుంచి నేనున్నదీ లేనిదీ ఆయనకు కనబడదు. అయినా మలుపులో ఆగి, ఇటు తిరిగి చెయ్యెత్తారు.

నేనూ ఎత్తాను.