వాళ్ల వాటా నూరు

తెగిన పోగును వేళ్లతో వెతికి పట్టి, ముడివేసి, సాంచాను మళ్లీ నడిపించి సిద్దిరాములు పక్క సాంచా దగ్గరికి జరిగాడు. మొత్తం ఎనిమిది సాంచాలు, అంటే మరమగ్గాలు, అతని పాలివి. వాటి చప్పుడుకు నలభై ఒక్క ఏళ్లకే కుడిచెవి దాదాపు పోయింది. ఎవరు మాట్లాడినా ఎడమ భుజం ముందుకు తోసి వింటాడు. పొద్దున ఏడింటికి పగటి కార్మికుడు రాగానే ఒంటిమీది దారపు నుసి దులుపుకుని సిరిసిల్ల సందుల్లో ఇంటిదారి పట్టాడు.

చెవి తీసుకున్న ఆ చప్పుడే అతనికి డ్రమ్ము నేర్పింది. ఆదివారాలు మొబైల్ దుకాణం రాకేశ్‌తో కలిసి ‘తెగిన పోగు’ అనే పేరుతో పంక్ పాటలు వాయిస్తాడు. గిటారు మీద మూడు మెట్లు, గొంతు చించుకునే అరుపు, రెండు నిమిషాల్లో పాట ఖతం. వినేవాళ్లు పదిమందికి మించరు. వాళ్లలోనూ ఇద్దరు కరెంటు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసేవాళ్లే.

ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో ఇలాంటిదే ఇంకో బృందం ఉంది, ‘పత్తి దుమ్ము’. అందులో పాడే వెంకటేశ్ పత్తి మిల్లులో పనివాడు. రెండు బృందాలూ కలిసి ఒక చిన్న గ్రామఫోను రికార్డు వేయించుకున్నాయి. ఒక వైపు వీళ్ల పాట, రెండో వైపు వాళ్ల పాట. మొత్తం రెండు వందలు, చెరి నూరు. మొదటి వైపు ఎవరిది అన్న దగ్గర మాత్రం ‘ముందు మీరు’ అంటే ‘ముందు మీరు’ అనుకున్నారు. పాటలు పంపేటప్పుడు రాకేశ్ గుట్టుగా బోథ్ పాటను ముందు పెట్టాడు. రికార్డు నడుమ చిల్లు చుట్టూ అతికించే పేర్ల చీటీలు పంపేటప్పుడు వెంకటేశ్ గుట్టుగా సిరిసిల్ల పేరును ముందు పెట్టాడు. అతి వినయం ధూర్త లక్షణం అంటారు. వీళ్లలో ధూర్తత లేదు, తెలివీ లేదు. రికార్డులు సిరిసిల్లకు వచ్చేసరికి వెంకటేశ్ గొంతు మీద ‘తెగిన పోగు’ అని అచ్చయి ఉంది.

“నా గొంతు మీ పేరు మీద పడ్డదే అన్నా” అని ఫోనులో నవ్వబోయి వెంకటేశ్ దగ్గులో పడిపోయాడు. అది మామూలు దగ్గు కాదు. మిల్లు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందనీ, ఇక చేసేదేమీ లేదనీ దవాఖాన వాళ్లు ఇంటికి పంపేశారు. నిన్న మళ్లీ ఫోను చేశాడు.

“పాట ఫోన్ల ఉన్నది గాని, పట్టుకుంటందుకు రాదు గద. నా పేరున్నది ఒక్కటి తే అన్నా. జర జల్ది.”

సరిచేసిన చీటీలు కూడా నిన్ననే అచ్చయి వచ్చాయి. సిద్దిరాములు కాళ్లు కడుక్కుని నేలమీద కూర్చున్నాడు. పోగులకు పెట్టే గంజి పూసి, చిల్లుకు చిల్లు కలిపి, మొదటి రికార్డుకు రెండు వైపులా చీటీలు అతికించాడు. బీడీలు చుడుతున్న భార్య రోజారాణి అతని ఎడమ చెవి వైపు జరిగింది.

“అయింది గద, పట్కొని పో. ఎనిమిది గంటల బస్సున్నది.”

“ఒక్కటెట్ల తీస్కపోతనే? ఆళ్ల వాటా నూరు.”

“ఆయన అడిగింది ఒక్కటే.”

“మొహమాటపు మనిషి, అట్లనే అంటడు. తప్పులన్ని నా ఇంట్ల పెట్టుకొని ఒక్కటి చేతుల పెడితే ఏం మర్యాద?”

రోజారాణి చేట పక్కన పెట్టి తానూ గంజి పూయడానికి కూర్చుంది. తమ వాటా నూరూ మూల అలాగే ఉండగా, వాళ్ల నూరూ ఒక్కొక్కటే పూర్తయ్యేసరికి పన్నెండు దాటింది.

అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని, బస్సులు మారుతూ సిద్దిరాములు గోదావరి దాటాడు. కళ్లు మూతలు పడుతున్నాయి. పడుకుంటే పెట్టె జారుతుందని పడుకోలేదు. నూరూ చూసి వెంకటేశ్ ఏమంటాడోనని ఒకటి రెండుసార్లు తనలో తాను నవ్వుకున్నాడు కూడా.

బోథ్ చేరేసరికి పొద్దు గూకింది. వెంకటేశ్ ఇంటి ముందు ఐలవ్వ అనే పక్కింటి ముసలామె బిందెలతో నీళ్లు పోసి వాకిలి కడుగుతోంది. ఈ వేళప్పుడు వాకిలి కడగడం ఏమిటో అతనికి వెంటనే తట్టలేదు. లోపల గోడకు ఆనుకుని వెంకటేశ్ భార్య నర్మద కూర్చుని ఉంది.

“మూడు గంటలకు పోయిండన్నా. పొద్దు ఉండంగనే తీస్కపోయిండ్రు. నీకు ఫోన్ చేద్దామనుకున్న, తొవ్వల ఉన్నోనికి ఏం జెప్పాలె? ఆఖరు దాక అడుగుతనే ఉన్నడు, సిరిసిల్లన్న వచ్చిండా అని.”

ఎనిమిది గంటల బస్సు ఎక్కి ఉంటే రెండింటికే ఇక్కడ ఉండేవాడు. సిద్దిరాములుకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది, ప్రాణం పోయేంత సిగ్గేసింది.

“గా డబ్బల ఏమున్నయన్నా?”

“తమ్ముని రికార్డులు, చెల్లె. నూరున్నయి.”

“నూరా?” అంది నర్మద. ఆ పెట్టెను ఎక్కడ పెట్టమనాలో తెలియక గదంతా చూసింది. “ఒక్కటే వస్తదన్నడు. నిన్ననే గూట్ల జాగ చేపిచ్చుకున్నడు.”

అతను అటు తిరిగి చూశాడు. గూట్లోని సామానంతా పక్కకు జరిపి, కొత్త న్యూస్‌పేపరు పరిచి, జారకుండా రెండు మేకులు కొట్టి ఉన్నాయి. వాటి వెనక సరిగ్గా ఒక్క రికార్డు నిలబడేంత చోటు.