కొమురమ్మ చేతిలో అస్వాన్ గుండ్రాయి

నేను ఒక గుండ్రాయిని. నల్లగా, పెద్ద కొబ్బరికాయంత ఉంటాను. ఎత్తితే ఐదు కిలోల పైచిలుకు. నోరు మెదపని మనిషిని చూసి మీరు బెల్లం కొట్టిన రాయిలా ఉన్నాడంటారు. కదలని వాణ్ణి చూసి రాయిలా కూర్చున్నాడంటారు. రాళ్ల గురించి మీకు తెలిసింది అంతే. నాకు ఒక్క పూట కుదురుగా ఉండడం చేతకాదు. కాళ్లూ చేతులూ బాగున్నవాణ్ణి మంచానికి కట్టేస్తే ఎలా ఉంటుందో, పనికొచ్చే రాయిని పక్కన పెడితే దానికీ అలాగే ఉంటుంది.

నన్ను ఎవరూ చెయ్యలేదు. ఈజిప్టు దేశపు దక్షిణపు కొసన, నైలు నది ఒడ్డున అస్వాన్ అనే ఊరుంది. దానికి తూర్పున ఎడారి. ఎండకు కాగి, చలికి బిగుసుకుని, గాలికి అరిగి అరిగి నేనక్కడ గుండ్రంగా తయారయ్యాను. ఒకనాడు గాడిదలను తోలుకుని మనుషులొచ్చారు. ఒక్కో రాయినీ చేత్తో తూచి, నచ్చినవాటిని గంపల్లో వేసుకున్నారు. ఆ కాలంలో వాళ్లకు ఇనుప పనిముట్లు లేవు. రాగి ఉలిని గ్రానైటు మీద పెడితే ఉలే వంగుతుంది. అందుకని గ్రానైటుకంటే మొండిదైన నాలాంటి రాయి కావాల్సి వచ్చింది. మొండితనాన్ని పిలిచి పని ఇవ్వడం మనుషుల్లో నేను మళ్లీ పెద్దగా చూడలేదు.

నన్ను హుయ్ అనే పనివాడి చేతికిచ్చారు. గుట్టను తొలిచి, దాదాపు నూట నలభై అడుగుల స్తంభాన్ని ఒకే రాతిలో బయటికి తీయాలని రాజుగారి ఆజ్ఞ. మనిషి పట్టేంత ఇరుకు కాలువలో హుయ్ మోకాళ్ల మీద కూర్చుని నన్ను రెండు చేతులా ఎత్తి వదిలేవాడు. మళ్లీ ఎత్తి వదిలేవాడు. దెబ్బకు చిటికెడు పొడి రాలేది. సాయంత్రం అధికారి వచ్చి కొలకర్ర దించి, ఎంత లోతయిందో గోడ మీద ఎర్ర గీత గీసి పోయేవాడు.

ఒకరోజు నా కింద చప్పుడు మారింది. అంతవరకూ ఖంగుమన్న రాయి, జలుబు చేసిన గొంతులా బొంగురుపోయింది. హుయ్ ఆగాడు. చెవి ఆనించి విన్నాడు. స్తంభం లోపల పగిలిందని నాకు తెలిసింది, అతనికీ తెలిసింది. పైన నిలబడ్డ అధికారి వైపు ఒకసారి చూశాడు. తర్వాత తల దించుకుని, కాస్త పక్కకు జరిగి, పని కొనసాగించాడు. చెడు కబురు చెప్పినవాడి వీపే ముందు చిట్లుతుందని అతనికి తెలుసు. అలా ఎన్నో రోజులు వాళ్లంతా చచ్చిన రాయిని కొట్టారు. చివరికి పగులు పైకి తేలింది. గుట్ట ఖాళీ అయింది. నన్ను ఆ కాలువలోనే వదిలేసి వెళ్లిపోయారు.

ఆ తర్వాత మూడు వేల ఏళ్లకు పైగా ఇసుక కింద ఉన్నాను. ఆ కాలం గురించి చెప్పడానికేమీ లేదు. చెప్పడానికేమీ లేకపోవడమే దానిలోని బాధ.

మళ్లీ వెలుతురు చూసేసరికి మనుషుల పద్ధతి మారింది. నా ఒంటి మీద నల్ల సిరాతో అంకె రాశారు. దూది పరచిన పళ్లెంలో పడుకోబెట్టి గోదాములో అర మీద పెట్టారు. చేతులకు తొడుగులు లేకుండా నన్ను ముట్టుకోకూడదట. కొండల్ని పిండి చేసిన నన్ను కోడిగుడ్డులా మోస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

ఆ గోదాములోంచి నన్ను బయటికి తెచ్చిన మనిషి డాక్టర్ మృదుల. హైదరాబాదు నుంచి వచ్చిన పరిశోధకురాలు. పాతకాలపు వాళ్లు గ్రానైటును ఎలా తొలిచారో చేసి చూసి తెలుసుకోవాలని ఆమె పట్టుదల. ఎడారి నుంచి కొత్త గుండ్రాళ్లు ఏరి తెప్పించింది. నన్ను మాత్రం పోల్చి చూసుకోవడానికి, ఫొటోలు తియ్యడానికి దగ్గర పెట్టుకుంది. తన విద్యార్థులతో రాయి కొట్టించింది. వారం తిరక్కుండా అందరి మణికట్లూ వాచిపోయాయి. ఇది పుస్తకంతో తేలే పని కాదని ఆమెకప్పుడు అర్థమైంది. స్వదేశం వెళ్లి, కరీంనగర్ వైపు నుంచి ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చింది.

ఆ మనిషి వల్లెపు కొమురమ్మ. యాభై దాటిన వయసు. తరతరాలుగా రాళ్లు కొట్టే వడ్డెర ఇంట పుట్టి, నడక రాకముందే సుత్తి చప్పుడు విన్నది. ఇప్పుడు వాళ్ల గుట్టల్లో తీగ రంపాలు రాయిని వెన్నముద్దలా కోసేస్తున్నాయి. ఆమె చెవితో ఎవరికీ పనిలేదు. ఆరేళ్లుగా ఫంక్షన్ హాళ్లలో గిన్నెలు తోముతోంది.

వచ్చిన మొదటిరోజే ఆమె విద్యార్థుల్ని చూసి నుదురు కొట్టుకుంది.

"గట్ల కొట్టద్దు మేడం. మీరు రాయితోని కొట్లాడుతున్రు. కొట్టుడు కాదు, ఇడువాలె. దాని బరువుకు అదే పడ్తది, అదే ఎగిరొస్తది. వచ్చినప్పుడు పట్టుకోవాలె. అంతే!"

కొత్త గుండ్రాయినొకదాన్ని ఎత్తింది, వదిలింది. పక్కనే పళ్లెంలో ఉన్న నాకు ఒళ్లు జలదరించింది. హుయ్ చేసిన పనే అది. ఎవరూ నేర్పకుండా రెండు దేశాల చేతులు ఒకే పని చేస్తున్నాయి. మృదుల చకచకా రాసుకుంది.

అక్కడ తవ్వకం పనివాళ్లకు పెద్ద, బదావీ అనే ముసలాయన. కొమురమ్మ ఆయన్ని మేస్త్రి అని పిలిచేది. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యాహ్నం ఆయన తన రొట్టె, చిక్కుడుగింజల కూర ముందుకు జరిపేవాడు. ఆమె మామిడి తొక్కు పెట్టేది. మొదటిరోజు తొక్కు తిని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మర్నాడు తనే చెయ్యి చాపాడు.

అందరూ నీడలో నడుం వాల్చే వేళ కూడా కొమురమ్మ కూర్చునేది కాదు. గుట్టంతా తిరుగుతూ, కనబడ్డ ప్రతి రాయినీ చిన్న గులకరాయితో కొట్టి వినేది. ఆమెకూ నాలాగే కుదురు లేదు.

ఆ గుట్ట పక్కనే ఒక విగ్రహం బోర్లా పడి ఉంది. సగం చెక్కి వదిలేసిన రాజు. ఇరవై అడుగుల పైన పొడవు, ముఖం ఇసుకలో. దాన్ని జాకీలతో రెండడుగులు పైకి లేపి, కింద దిమ్మెలు కట్టి, జనం వంగి ముఖం చూసేలా చెయ్యాలని తవ్వకాల అధిపతి డాక్టర్ షరీఫ్ రెండేళ్లుగా తపిస్తున్నాడు. మంచివాడే, కాని తొందర ఎక్కువ. రాతిలోకి ధ్వని పంపి లోపలి సంగతి చెప్పే యంత్రంతో వీపంతా పరీక్ష చేయించాడు. రాయి గట్టిగా ఉందని యంత్రం చెప్పింది. ఇసుకలో ఉన్న కింది వైపుకు యంత్రం వెళ్లలేదు. మర్నాడు పొద్దున లేపడం. రాజధాని నుంచి పెద్దలు వస్తున్నారు. జాకీలు లేపుతుంటే ఎనిమిది మంది కిందికి దూరి దూలాలు సర్దాలి.

లేపడానికి ముందురోజు మధ్యాహ్నం కొమురమ్మ విగ్రహం దగ్గర ఆగింది. గులకరాయితో కొట్టింది. ముఖం చిట్లించింది. ప్రయోగానికి తెచ్చిన కొత్త గుండ్రాయి తెచ్చి కొట్టింది. అది పైపొర చచ్చుగా ఉన్న రాయి. దాని మోత దానికే సరిపోతుంది. విసుగ్గా పక్కన పడేసి, నేరుగా నా పళ్లెం దగ్గరికొచ్చింది. తొడుగుల్లేవు, అనుమతి లేదు. నన్ను ఎత్తింది.

ఏం చెప్పను! మనిషి చేతి చెమట తగిలి ఎన్ని యుగాలయింది! రాజు భుజం మీద వదిలింది: ఖంగుమంది. వీపు మీద: ఖంగు. మొల దగ్గర వదిలింది.

బొంగురు.

నా సంతోషం అక్కడే గడ్డకట్టింది. ఆమె చెవి ఆనించి మళ్లీ వదిలింది. ఈసారి నా పక్కనుంచి గోరంత పెచ్చు ఎగిరిపోయింది.

"అమ్మా! అది ముట్టుకోవద్దు!" అంటూ మృదుల పరుగెత్తుకొచ్చింది. పెచ్చు ఊడిన చోటు చూసి ఆమె ముఖం పాలిపోయింది. "ఎంత పని చేసినవమ్మా! ఇది ఎంత పాతదో తెలుసా?"

"పాతది కాబట్టే నిజం చెప్తున్నది," అంది కొమురమ్మ. "ఇను బిడ్డా. మొల కాడ లోపట పగులున్నది. లేపితే రెండు ముక్కలైతది. కిందికి ఎవ్వల్ని పంపద్దు."

మేడం కాస్తా బిడ్డ అయింది. మృదుల ఒక క్షణం ఆమె కళ్లలోకి చూసి, షరీఫ్‌ను పిలుచుకొచ్చింది.

షరీఫ్ నా గాయాన్ని ముందు చూశాడు, మాట తర్వాత విన్నాడు. "యంత్రం చూపించని పగులు ఈవిడకు ఎలా కనబడింది?" అని అడిగాడు.

"కనబడలే సారూ, ఇనబడ్డది," అంది కొమురమ్మ. మృదుల ఆ మాటను అరబీలో చెప్పింది.

"ఒక చప్పుడు కోసం రెండేళ్ల పని ఆపమంటారా?"

మృదుల ఆ మాట తెలుగులో చెప్పగానే కొమురమ్మ కదిలింది. వెళ్లి, దూలాలు లోపలికి తోసే దారిలో చతికిలబడి కూర్చుంది. "నన్ను దాటి పొమ్మను."

నేనింకా ఆమె ఒళ్లోనే ఉన్నాను. పరాయి దేశం, పరాయి భాష, చేసింది తప్పు కూడా. హుయ్ తల దించుకున్నచోట ఈమె దించుకోలేదు.

బదావీ వచ్చి ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. ఆమె నన్ను ఆ చేతిలో పెట్టింది. ఆయన భుజం దగ్గర వదిలాడు, విన్నాడు. మొల దగ్గర వదిలాడు. చాలాసేపు విన్నాడు. లేచి, చేతులు దులుపుకుని షరీఫ్‌తో అన్నాడు: "డాక్టర్ గారూ, జాకీలు మీవి, లేపుకోండి. మనుషులు నావాళ్లు. వాళ్లు కిందికి వెళ్లరు."

షరీఫ్ ఎర్రబడ్డాడు, అరిచాడు, బతిమాలాడు. మృదుల ఆపమంది; రెండు రోజులు కింద ఇసుక తోడి చూద్దామంది. పెద్దల్ని రావద్దని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. చివరికి దూలాల్ని తాళ్లతో బయటినుంచే లాగేట్టు ఒప్పుకున్నాడు. మనుషుల్ని దూరంగా నిలబెట్టారు.

మర్నాడు పొద్దున పదింటికి జాకీలు కదిలాయి. రాజు జానెడెత్తు లేచాడు. పెద్దలు చప్పట్లు కొట్టబోయారు. అప్పుడొక మోత వచ్చింది. అది బయటి మోత కాదు, లోపలిది. రాయి మొల దగ్గర రెండయింది. కింది సగం, ఎనిమిది మంది ఉండాల్సిన చోట కూలబడింది. దుమ్ము లేచి సూర్యుణ్ణి కప్పేసింది.

దుమ్ము తగ్గేసరికి బదావీ తన మనుషుల్ని ఒక్కొక్కర్నీ పేరుపెట్టి పిలుస్తున్నాడు. ఎనిమిది మందీ పలికారు.

షరీఫ్ ఇసుకలో కూలబడిపోయాడు. నేను చెప్పలేదా అని కొమురమ్మ అనలేదు. పోయి, విరిగిన రాతి మీద అరచెయ్యి పెట్టింది. "రెండు దినాలు ఆగితే కట్టు కట్టి లేపుదుము గద," అని, సొంత మనిషి పోయినట్టు ఏడ్చింది. మనుషులు బతికినందుకు సంతోషించిన మనిషే రాయి కోసం ఏడుస్తుంటే పెద్దలకు ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

విచారణ జరిగింది. నివేదిక రాశారు. పురాతన వస్తువుకు హాని చేసినందుకు కొమురమ్మను గుట్ట మీద పని నుంచి తప్పించాలన్న మాట మొదటి పేజీలో ఉంది. ఎనిమిది మంది బతికిన సంగతి నాలుగో పేజీలో ఉంది. "చెప్పింది, నేను వినలేదు" అని షరీఫ్ తన చేత్తో ఆ నాలుగో పేజీలోనే రాసి సంతకం పెట్టాడు. అంతకంటే ఆయన చెయ్యగలిగింది లేదు, ఉన్నా అప్పుడు తోచలేదు. మృదుల కార్యాలయాల చుట్టూ తిరిగి వాదించింది. కొమురమ్మ మాత్రం, "తప్పు చేసిన, పోతున్న. దాన్ల ఏమున్నది?" అని మూట కట్టుకుంది. బదావీ రొట్టెలు కట్టిచ్చాడు. తొక్కు సీసా ఆయన దగ్గర వదిలి వెళ్లింది.

నన్ను మ్యూజియానికి పంపారు. గాజు పెట్టె, లోపల దీపం, పక్కన చీటీ: "గ్రానైటు తొలిచే గుండ్రాయి. ఒక పక్క ఇటీవలి దెబ్బ." వచ్చినవాళ్లు చీటీ చదివి, నన్ను చూసి, పక్కనున్న బంగారం వైపు వెళ్లిపోతారు. ఆ ఇటీవలి దెబ్బే నాకు జరిగిన మంచి అని వాళ్లకు ఎవరు చెప్పాలి?

ఏడాదిన్నర గడిచింది. విరిగిన రాజును ఉక్కు కడ్డీలతో అతకాలనుకున్నారట. కడ్డీ దించాలంటే రాయి ఎక్కడ గట్టిదో, ఎక్కడ బలహీనమో తెలియాలి. యంత్రం సగం చెప్పింది. మిగతా సగానికి షరీఫే ఉత్తరం రాసి, పెద్దలతో పోట్లాడి అనుమతి తెచ్చి, కొమురమ్మను పిలిపించాడు.

మొన్న ఆమె మ్యూజియానికి వచ్చింది. పక్కన మృదుల. గాజు ముందు నిలబడి నన్ను చాలాసేపు చూసింది.

"అయ్యో, దీన్ని కూసోబెట్టిన్రా! జెర బయటికి తీస్తరేమో అడుగు బిడ్డా."

మృదుల అడిగింది. కాపలా అతను నవ్వి తల అడ్డంగా ఊపాడు. కొమురమ్మ ఊరుకోలేక వేలి గోరుతో గాజు మీద టక్కుమని కొట్టింది. ఇంకోసారి, కొంచెం కిందికి. తల పక్కకు వంచింది.

"గీ అద్దానికి కింది మూల పగులు పట్టింది. మార్చుమని చెప్పు."

మృదుల ఈసారి ఆలోచించకుండా చెప్పింది. అతను వంగి చూశాడు, గుడ్డతో తుడిచాడు, ఏమీ లేదన్నాడు. పనికి వేళవుతోందని కొమురమ్మ గబగబా వెళ్లిపోయింది.

ఆమె చెప్పింది నిజం. ఆ పగులు రోజుకు వెంట్రుకవాసి పైకి పాకుతోంది. నేను వింటున్నాను.