రంగూన్‌కి తొమ్మిదిన్నర అడుగులు

నేను ఒక ఉక్కు డివైడర్‌ని. కలకత్తాలో ఒక చిన్న కార్ఖానాలో ఎర్రగా కాలి, సుత్తి దెబ్బలు తిని పుట్టాను. రెండు వాడి కాళ్ళు, మధ్యలో ఒక మర. స్కేలు మీద వంద మైళ్ళకు కాళ్ళు చాపి, పటంలో ఒక విమానాశ్రయం మీద నిలబెడితే రెండో విమానాశ్రయం దాకా నడిచిపోతాను. ఎన్ని అడుగులైతే అన్ని వందల మైళ్ళు.

నా మొదటి యజమాని యుద్ధంలో బాంబులు వేసిన దొర. ఊళ్ళు తగలబెట్టడానికి నాతో దూరాలు కొలిచాడు. తరువాత వేలంలో కెప్టెన్ పైడిమర్రి చిదంబరంగారి చేతికి వచ్చాను. ఆయన మనుషుల్ని ఇళ్ళకు చేర్చడానికి కొలిచేవారు. నా నడకలో మాత్రం తేడా లేదు.

ఆ రోజు బేగంపేట నుంచి విశాఖపట్నం వెళ్తున్నాం. రాజమండ్రి దగ్గర భానోజీ అనే ప్రయాణికుడు రివాల్వర్ పట్టుకుని కాక్‌పిట్‌లోకి దూరాడు. హైదరాబాదులో సొంత అన్నను చంపి విమానమెక్కాడట. దిగగానే పోలీసులు పట్టుకుంటారని దారిలో భయం పట్టుకుంది. రేడియో అందుకోబోయిన ఆపరేటర్ ఏసుపాదాన్ని కడుపులో కాల్చాడు.

"రంగూన్ పోనీ," అన్నాడు.

విమానాన్ని కో-పైలట్‌కి అప్పగించి, చిదంబరంగారు పటం పరిచి నన్ను సముద్రం మీద నడిపించారు. "తొమ్మిదిన్నర అడుగులు, బాబూ. మన దగ్గరున్న పెట్రోలు నాలుగు అడుగులకే సరి. ఆ తరువాత అంతా నీళ్ళే."

"అబద్దం ఆడతన్నావు." రివాల్వర్ పిడి ఆయన నోటి మీద పడింది. పటం మీద రక్తమూ, ఒక పన్నూ రాలాయి. భానోజీ నన్ను లాక్కుని, మర విరిగేలా కాళ్ళు ఎడంగా చాపాడు. "ఇప్పుడు కొలిచి చూడు. మూడే అవుతాయి."

నా కాళ్ళు చాపితే సముద్రం కుంచించుకుపోతుందని అతను నిజంగానే నమ్మాడు.

చిదంబరంగారు నన్ను అందుకున్నారు. రివాల్వర్ పట్టుకుని బల్లకు ఆనించి ఉన్న భానోజీ కుడిచేతిలోకి బలమంతా పెట్టి దించారు. ఎముక మీద నా మొన జారింది. భానోజీ కేక పెట్టాడు, గుండు పైకప్పులోంచి దూసుకుపోయింది. కో-పైలట్ విమానాన్ని ఆటో-పైలట్‌లో పెట్టి లేచి, మంటలార్పే సిలిండర్‌తో అతను కూలేదాకా తల మీద కొట్టాడు.

ఏసుపాదం నేల మీద వణుకుతున్నాడు. చిదంబరంగారు అతని తల ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇంకెంత దూరం, సార్?"

విశాఖకు ఇంకా ఎనభై మైళ్ళుంది. కిటికీలో మబ్బులు తప్ప ఏమీ లేవు.

"వచ్చేశాం, ఏసుపాదం. అదిగో, యారాడ కొండ."

అతను ఆ వైపు చూడబోతుండగానే ఊపిరి ఆగిపోయింది.

కోర్టులో నన్ను అందరికీ చూపించారు. ఇది పనిముట్టా, ఆయుధమా అని ప్లీడర్లు చాలాసేపు వాదించుకున్నారు. రంగూన్ దూరం గురించి చిదంబరంగారిని రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ సరిగ్గా చెప్పారు. విశాఖ దూరం గురించి ఎవరూ అడగలేదు. తీర్పయ్యాక నన్ను తిరిగి ఇవ్వబోతే ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు.

అప్పటి నుంచి ఈ సాక్ష్యాల గదిలో, వంకర కాలితో, పడి ఉన్నాను.