దరఖాస్తులో నెంబరు

"నా నెంబరే రాయి. నీ ఫోను ఎప్పుడూ పిండి డబ్బాల మధ్యన పడుంటాది, మోగినా వినపడదు," అన్నాడు ఎడ్విన్ ఆ రోజు. జిల్లా బాలల సంక్షేమ కమిటీలో సభ్యులు కావాలని పేపర్లో ప్రకటన పడితే కరుణశ్రీ దరఖాస్తు నింపుతూ ఉంది. గ్యాసుకి ఆయన నెంబరు, ఆధార్‌కి ఆయన నెంబరు, చివరికి ఆమె రక్తపరీక్ష రిపోర్టు కూడా ఆయన ఫోనుకే వస్తుంది. పదహారేళ్ల అలవాటు. ఆలోచించకుండానే రాసేసింది.

ఆ దరఖాస్తు ఆమెకి సరదా కాదు. చేజర్లలో ఇటుక బట్టీల పిల్లల కోసం నడిపిన బడిలో తొమ్మిదేళ్లు పనిచేసింది. పేరు అడిగితే తల వంచుకునే పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడించిన మనిషి. అత్తగారు ఓబమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు, "నీ పనిదేముంది, మళ్లీ ఎప్పుడైనా చేరొచ్చు" అని ఇంట్లోవాళ్లు మాన్పించారు. ఆ ఎప్పుడైనా అనే రోజు ఐదేళ్లయినా రాలేదు. ఈ కమిటీ అయినా దక్కితే, దారి తప్పిన పిల్లో పారిపోయి వచ్చిన పిల్లాడో ఎదురుగా నిలబడితే, ఎక్కడికి పంపాలో తేల్చే చోట తనకీ ఒక కుర్చీ ఉంటుంది. అంతే ఆమె ఆశ. ఇంట్లో మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో మాట. "ఇట్లాంటివి పైనుంచి లెటర్లు తెచ్చుకున్నోళ్లకే ఇస్తారు," అని ఎడ్విన్. "ఊరికే చేసే పని ఇంట్లో లేదా, నెల్లూరు దాకా పోవాల్నా?" అని ఓబమ్మ. ఇంట్లో ఉంది కాబట్టే అత్తమ్మా, అని లోపలే అనుకుని ఆమె నడుముకి నూనె రాసింది.

అసలు ఒళ్లు మండేది అక్కడ కాదు. ఎడ్విన్ బదిలీ అర్జీ రాసింది ఎవరు? ఉత్తమ ఉపాధ్యాయుడి అవార్డుకి నలభై పేజీల ఫైలు కుట్టింది ఎవరు? ఆత్మకూరు చర్చి సంఘానికి ఆయన సెక్రటరీ. మీటింగుల మినిట్సు ఆమె రాస్తుంది, కింద ఆయన సంతకం పెడతాడు. "ఎడ్విన్ సార్ రాత ముత్యాలండీ," అని సంఘ పెద్ద జనార్దనయ్య మెచ్చుకుంటే, పక్కనే ఆమె టీ కప్పులు పట్టుకుని నిలబడింది. ఆయన ఒక్కసారి కూడా, మా ఆవిడ రాసింది అనలేదు. ఆమె కూడా అనలేదు, అది ఇంకా మంట.

రెండు నెలలు కబురు లేదు. రాకపోతే రాకపోయిందిలే అని మనసుకి సర్దిచెప్పుకుంది. ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నారు, నలభై మందికి ఉప్మా. ముందురోజు పొద్దున్నే రవ్వ వేయిస్తుంటే ఎడ్విన్ ఫోను మోగింది. ఆయన స్నానంలో ఉన్నాడు. "ఎత్తు, స్కూలోళ్లేమో," అని లోపల్నుంచి కేక.

ఎత్తింది. "కరుణశ్రీ గారి నెంబరేనా? కలెక్టరాఫీసు నుంచి. రేపు పది గంటలకి ఇంటర్వ్యూ. పోయిన వారం చేస్తే సార్ ఎత్తినారు, ఆమెకి కుదరదన్నారు. అట్లయితే కుదరదని మీరే రాతపూర్వకంగా ఇవ్వాలి మేడం, అందుకని చేసినా."

రవ్వ మాడుతున్న వాసన వచ్చింది. స్టవ్ కట్టేసింది. వారం రోజులు. ఈ వారం రోజులూ ఆయన ఆమె చేతి అన్నమే తిన్నాడు, రేపటి కూటానికి ఎన్ని కుర్చీలో ఆమెనే అడిగాడు.

"నాకు కుదురుతుందండి, వస్తాను," అంది. గొంతు మామూలుగానే వచ్చింది, ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"సరే మేడం. ఈసారి మీకే చేస్తాం, మీ సొంత నెంబరు చెప్పండి."

నోరు తెరిస్తే ఎడ్విన్ నెంబరే వచ్చింది. ఆరంకెల దాకా చెప్పి ఆగింది. తన నెంబరు ఆమెకి తెలియదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. "ఒక్క నిమిషం లైన్లో ఉండండి," అని పిండి డబ్బాల మధ్యనుంచి తన ఫోను తీసి ఆయనకే రింగిచ్చింది. ఆయన ఫోనులో వెలిగింది పేరు: ఇల్లు. కరుణ అని కాదు. ఇల్లు. దాని కింద పది అంకెలు.

ఎడ్విన్ తువ్వాలుతో వచ్చి నిలబడ్డాడు. సంగతి అర్థమైంది. "చెప్దామనే అనుకున్నా కరుణా. కూటం ఉండాది కదా అని... నలభై మంది వస్తా ఉంటే నువ్వు లేకపోతే ఎట్ల?"

"రవ్వ నాలుగు కిలోలు డబ్బాలో ఉంది. వేయించింది మాడింది, అది పారేయండి. ఉల్లిపాయలు రాత్రికే తరుక్కోండి, పొద్దున టైం చాలదు."

"నాకు ఉప్మా ఏం తెలుసు?"

"నాకు మినిట్సు ఎవరు నేర్పించినారు?"

మంచం మీద నుంచి ఓబమ్మ, "ఏందిరా అది?" అంది.

కరుణశ్రీ ఆయన ఫోను స్పీకర్లో పెట్టి, ఇల్లు కింద ఉన్న పది అంకెలూ ఒక్కొక్కటిగా చదివింది. అవతల ఆవిడ రాసుకుని, "ఇది దొరక్కపోతే చేయడానికి ఇంకో నెంబరు ఉంచమంటారా మేడం, సార్‌ది?" అని అడిగింది.

"వద్దండి," అంది కరుణశ్రీ. "ఆయనది కొట్టేయండి."