గోడ లోపలి ఆకుపచ్చ తీగ

బజారులో ఆయన్ని ఇప్పటికీ మెరుపు అనే పిలుస్తారు. నిచ్చెన మెట్టుకొక నిట్టూర్పు విడిచే అరవై రెండేళ్ల మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్లు నవ్వుకుంటారు. అది వయసులో ఉన్నప్పుడు పడిన పేరు. పొద్దున వైర్లు లాగడం మొదలుపెడితే పొద్దు వాలేలోగా రెండు గదుల ఇంట్లో బల్బులు వెలిగించేవాడు.

ఆయనకు పని నేర్పింది బావ, అంటే అక్క మొగుడు. బావకు బజారు పెట్టిన పేరు కొలబద్ద. స్విచ్‌బోర్డు బిగించే ముందు ఇంట్లో అందరికన్నా పొట్టి మనిషిని పిలిచి చెయ్యెత్తమనేవాడు. ఆ చెయ్యి ఆగినచోట గోడ మీద పెన్సిల్ గీత పెట్టేవాడు. "ఇల్లు కట్టించినాయన పొడుగ్గానే ఉంటాడు, కానీ రోజూ స్విచ్చు వేసేది ఆయన కాదుగా" అనేవాడు. పక్కన నిలబడి మెరుపు కాళ్లు మారుస్తూ ఉండేవాడు.

ఇద్దరూ కలిసి పాతికేళ్లకు పైగా పనిచేశారు. బావ పోయి పదకొండేళ్లయింది.

ఒక ఉదయం కుట్టు శిక్షణ కేంద్రం నుంచి టీచరమ్మ ఫోన్ చేసింది. కొత్త మిషన్లు వస్తున్నాయి, పాత వైరింగు అంతా మార్చాలి, ఒకసారి వచ్చి చూడమంది. సరేనన్నాడు గానీ ఫోను పెట్టేశాక కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఆ హాలు వైరింగు చేసింది వాళ్లిద్దరే. ప్రారంభోత్సవం రెండు రోజుల్లో ఉందనగా బావకు నడుం పట్టేసింది. వెనక గోడ మీద పది ఇస్త్రీ పాయింట్లు మిగిలాయి. "ఎర్తు మాత్రం జాగ్రత్తరా. ప్రతి తీగా బోల్టు కింద బిగించు" అని మంచం మీంచే చెప్పాడు బావ. మెరుపు తలూపి వచ్చాడు. తెచ్చిన ఇత్తడి బోల్టులు చాలలేదు. బజారుకు వెళ్లొస్తే పూట పోతుంది. ఆకుపచ్చటి ఎర్తు తీగల్ని చేత్తోనే మెలేసి, పైన టేపు చుట్టి, బాక్సుల్లోకి కుక్కేశాడు. చివరి రెండింటికి మెలిక కూడా వేయలేదు. మూతలు బిగించి పైన సున్నం పూసేశాడు.

ఎర్తు లేకపోయినా లైటు వెలుగుతుంది, ఇస్త్రీపెట్టె వేడెక్కుతుంది. లేదన్న సంగతి బయటపడేది పెట్టెలో తీగ తెగి ఇనుముకు తగిలిన రోజునే. ఆ రోజు దాన్ని పట్టుకున్న చెయ్యి ఎవరిదో ఎవరూ ముందుగా చెప్పలేరు.

"ఎర్తు ఎలా కట్టావురా?" అని ఆ సాయంత్రం బావ అడిగాడు.

"నీ పద్ధతిలోనే బావా."

బావ ఇంకేమీ అడగలేదు. అబద్ధం మాత్రం మెరుపును వదల్లేదు. ఆ వీధిలో అంబులెన్సు కూత వినబడితే ఎక్కడ ఆగుతుందోనని చెవులు రిక్కించేవాడు. వెళ్లి సరిచేద్దామంటే మొహం చెల్లలేదు. ఆ తర్వాత చేసిన ఏ ఇంట్లోనూ ఒక్క ఎర్తు తీగ కూడా చేత్తో మెలేసి వదల్లేదు. బోల్టులు లేకపోతే పని ఆపి మరీ తెచ్చుకునేవాడు. ఏళ్లు గడిచాక భయం పలచబడింది కానీ ఆ వీధిలోంచి వెళ్లాల్సివస్తే ఇప్పటికీ చుట్టుతిరిగే పోతాడు.

ఇప్పుడు పోక తప్పలేదు.

హాలు అప్పటిలాగే ఉంది. ఎత్తయిన కిటికీలు, వరసగా మిషన్లు, నేల మీద దారపు ముక్కలు, తడిగుడ్డ మీద ఇస్త్రీ పడినప్పుడు లేచే ఆవిరి వాసన. టీచరమ్మ ఎదురొచ్చింది. మెడలో టేపు వేలాడుతోంది, పెదవుల మధ్య గుండుసూది. ఆమె ఇక్కడే మొదటి బ్యాచిలో నేర్చుకుని ఇక్కడే టీచరైంది.

"ఎక్కణ్ణుంచి మొదలుపెడతారు మేస్త్రీ గారూ?"

"వెనక గోడ నుంచి" అన్నాడు మెరుపు.

మెయిన్ ఆపించి, సున్నం పొర గీకి, చిట్టచివరి బాక్సు మూత విప్పాడు. తీగలు ఊడి వేలాడుతూ ఉంటాయనే అనుకున్నాడు. కానీ లోపల ఆకుపచ్చ తీగ గుండ్రంగా వంగి, వాషరుతో సహా ఇత్తడి బోల్టు కింద బిగిసి ఉంది. తర్వాత వచ్చేవాడికి అందేలా జానెడు తీగ చుట్టగా చుట్టి పక్కన సర్ది ఉంది. టేపు కొస చిన్న మడత పెట్టి వదిలి ఉంది, విప్పేవాడి గోటికి దొరికేలా. ఆ మడత బావ తప్ప ఇంకెవరూ పెట్టరు. "ఎవడు విప్పుతాడని ఈ సింగారం?" అని తనే ఎన్నిసార్లు ఎగతాళి చేశాడో.

రెండో బాక్సు విప్పాడు. మూడోది విప్పాడు. పదీ అలాగే ఉన్నాయి. మెరుపు ముక్కాలి పీట మీద చతికిలబడ్డాడు.

"ఏమైంది? కళ్లు తిరిగాయా?" అంది టీచరమ్మ.

"ఈ గోడ మళ్లీ ఎవరైనా విప్పారా అమ్మా?"

ఆమె ఆలోచించింది. "మా క్లాసులు మొదలైన మొదటి ఆదివారం. కత్తెర మర్చిపోయి తీసుకుందామని వచ్చాను. ఒకాయన నడుముకు తువ్వాలు బిగించి కట్టుకుని ఒక్కడే విప్పుతున్నాడు. వంగలేక గోడ పట్టుకుని లేస్తున్నాడు పాపం. ఏమైందండీ అంటే, నా వల్ల చిన్న పొరపాటు జరిగిందమ్మా, సరిచేస్తున్నా అన్నాడు. సున్నం కూడా ఆయనే పూశాడు. ఇన్నేళ్లలో ఈ గోడ దగ్గర ఒక్క పిల్లకి కరెంటు చురుక్కుమన్నది కూడా లేదు."

"నా వల్ల అన్నాడా?"

"ఆ మాటే అన్నాడు."

ఆ మధ్యాహ్నం మెరుపు తిన్నగా అక్క ఇంటికి వెళ్లాడు. డెబ్బై దాటిన అక్క గడపలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటోంది. సంగతంతా చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు.

"తెలుసురా. నువ్వు జవాబు చెప్పిన తీరుకే అనుమానపడి, మంచం దిగొద్దని డాక్టరు చెప్పినా వెళ్లి, సున్నం మొహంతో ఇంటికొచ్చాడు. నేను నిలదీస్తే గానీ చెప్పలేదు."

"మరి నన్నెందుకు అడగలేదక్కా? నాలుగు తిట్టినా బాగుండేది."

"నేనూ అదే అన్నాను. తిడితే నాకు భయపడి కడతాడు, నేను లేని చోట మళ్లీ మామూలే, కొన్నాళ్లు చూద్దాం అన్నాడు. తర్వాత నువ్వు ఏదో డాబా ఇల్లు చేశావు చూడు, నువ్వు లేనప్పుడు వెళ్లి నీ బాక్సులు విప్పి చూసొచ్చాడు. ఆ రోజు అడిగి మరీ మారు వడ్డించుకున్నాడు. ఇక వాడి బాక్సులు నేను చూడక్కర్లేదే అన్నాడు. మళ్లీ చూడలేదు కూడా."

ఇన్నేళ్లూ మోసం చేశాననుకున్న మనిషి తనను అంత నమ్మాడు. మెరుపు కళ్లు తుడుచుకుంటుంటే అక్క చూడనట్టు అటు తిరిగింది.

"ఆ తీగలు ఎప్పుడు పీకేస్తావు?" అని కాసేపటికి అడిగింది.

"రేపు."

"పీకే ముందు నాకు చూపించు. నలభై ఏళ్లు కాపురం చేశాను గానీ ఆయన పనెప్పుడూ చూళ్లేదు. అంతా గోడల్లోనేగా."

మర్నాడు ఆటోలో తీసుకొచ్చాడు. టీచరమ్మ కుర్చీ వేయబోతే వద్దంది అక్క. గోడకు చెయ్యి ఆనించి, వంగి, టార్చి వెలుగులో బాక్సులోకి చూసింది. వేలితో బోల్టును తడిమింది.

"ఇంత ముచ్చటగా చేసేవాడన్నమాట" అంది నెమ్మదిగా. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని తమ్ముడి వైపు తిరిగింది. "ఇంట్లో వంటగది బల్బు పోతే మాత్రం మూడు వారాలు చీకట్లో వండించేవాడురా నాతో."