కట్టినోళ్లు, కట్టనోళ్లు

తెల్లబండ బస్సు స్టేజీ కాడ బ్యాంకోళ్లు ఫ్లెక్సీ కట్టిన పొద్దు, లింగయ్య ఊరంత చూస్తుండంగ దానికి అడ్డం నిలవడ్డడు. ఫ్లెక్సీ మీద పదకొండు ఫోటోలున్నయి. పైన ఎర్రటి అక్షరాలతోటి ‘మొండి బకాయిదారులు’ అని రాసున్నది. రెండో వరుసల ఆయన బిడ్డ మమత ఉన్నది. నర్సింగు కాలేజీల చేరిన నాడు దిగిన ఫోటో అది. నవ్వబోయి ఆపుకున్న మొఖం.

“జరుగు పెద్దమనిషీ,” అని వసూలుకొచ్చిన మనిషి లింగయ్య భుజం వట్టి గుంజిండు. లింగయ్య సిమెంటు లారీలకు బస్తాలెత్తే హమాలీ. ఇరవై ఏండ్లు బస్తాలు మోసిన భుజం ఆ పొద్దు వట్టంగనే ఒరిగిపోయింది. మట్టిల వడ్డడు.

“నా ఫోటో వెట్టున్రి సారూ. జామీను సంతకం నాది. ఆడపిల్లది తీసేయున్రి,” అని పడ్డకాడికెల్లే దండం వెట్టిండు.

ఎవ్వరు తీయలే.

రోడ్డుకు అవతలి దిక్కు జొన్నరొట్టెలు చేసి అమ్మే బిక్షమ్మ ఇదంత చూసింది. లింగయ్యది ఆమె పక్కిల్లే. మమత చిన్నప్పుడు సగం దినాలు ఆమె చేతిలనే తిన్నది. అయినా బిక్షమ్మ లేవలే. పెనం మీది రొట్టెను తిప్పేసింది.

“తీసుకున్నంక కట్టాలె మరి,” అన్నది, రొట్టె కోసం నిలవడ్డ డ్రైవరుతోటి.

ఆ మాట అనే హక్కు ఆమెకున్నదని ఊరంత ఒప్పుకుంటది. ఆమె కొడుకు మహేష్ బ్యాంకు అప్పుతోటి ఇంజనీరింగు చదివిండు. హైదరాబాదుల రెండేండ్లు తిరిగినా నౌకరి దొరకలే. ఊరికొచ్చి, ఫ్యాక్టరీకి రాయి తవ్వే గనిల కాంట్రాక్టరు కింద చేరిండు. కిస్తీ ఆగొద్దని డబల్ డ్యూటీ చేసేటోడు. మూడేండ్ల కింద, రెండో డ్యూటీ ఇంక గంటల అయిపోతదనంగ, బండ జారి మీద వడ్డది. దవాఖాన కాడ కాంట్రాక్టరు బిక్షమ్మ చేతుల పైసలు వెట్టి వేలిముద్ర ఏయించుకున్నడు. కర్మ దినాలు కాంగనే ఆమె ఆ పైసలు కొంగుల మూటగట్టుకొని బ్యాంకుకు వోయి కొడుకు అప్పంత కట్టేసింది. బాకీతోటి పోయిండని వాణ్ణి ఎవ్వరు అనొద్దు. ఆ నాడు ఆమె బుర్రల ఇంకో ఆలోచన లేకుండె. మేం కట్టినం అన్న మాట మీదనే ఆ మనిషి మూడేండ్లు బతికింది.

ఆ ఆదివారం హమాలీల రేకుల షెడ్డుల మీటింగయ్యింది. పిలిచింది ముజాహిద్. మేళ్లచెరువుల సైకిల్ దుకాణం నడిపే పీర్ మహమ్మద్ కొడుకు. బీఎడ్ చదివి విద్యార్థి సంఘంల తిరుగుతడు. ఫ్లెక్సీ మీద వాని ఫోటో గూడ ఉన్నది.

“సర్కారు ఇస్తనన్న ఫీజులు ఏండ్లకేండ్లు కాలేజీలకు ఇయ్యలే,” అన్నడు ముజాహిద్. “కాలేజోళ్లు మన సర్టిఫికెట్లు బీరువల వెట్టి తాళమేసిండ్రు. అవి ఇడిపించుకోనీకి మనం బ్యాంకుకు వోయినం. సర్కారు బాకీ మన నెత్తిన వడ్డది. గీ అప్పులు మాఫీ చేయాల్సిందే!”

పోరగాండ్లు చప్పట్లు కొట్టిండ్రు. గనిల పనిచేసే జంగయ్య మాత్రం లేచి నిలవడ్డడు. తెల్లటి రాతి దుమ్ము ఇంక చెవుల మీదనే ఉన్నది.

“ఒక్క మాట అడుగుత, ఏమనుకోకున్రి. నా బిడ్డ వర్షిత ఇంటర్ల ఫస్టొచ్చింది. అప్పు జేసే ధైర్యం లేక నేనే ఆపిన. ఇయ్యాల పత్తి చేన్లల్ల కూలికి వోతాంది. నేను సబ్బుబిళ్ల కొన్నా పన్ను కడుతున్న. నా పైసలతోటి మీ అప్పు తీర్చుకుంటే, మరి నా బిడ్డకేమొచ్చె?”

షెడ్డుల లొల్లి లేచింది. నిజమే అన్నోళ్లు కొందరు, కూసోమన్నోళ్లు కొందరు.

“పెద్ద కంపెనీలోళ్ల బాకీలు కొట్టేసినప్పుడు ఏ స్టేజీ కాడన్న ఫ్లెక్సీ కట్టిండ్రా జంగయ్య మామా?” అని ముజాహిద్ అడిగిండు.

“వాళ్లు ముంచిండ్రని మనం గూడ ముంచుదమా?” అన్నడు జంగయ్య.

ముజాహిద్ నోరు తెరిచేలోపట గుమ్మం కాడికెల్లి బిక్షమ్మ గొంతు వినవడ్డది. ఆమె ఎప్పుడొచ్చిందో ఎవ్వరు చూడలే.

“నేను కట్టిన గదరా. నా కొడుకు పానానికి ఇచ్చిన పైసలు తీస్కపోయి కట్టిన. గప్పుడు ఏ సంఘం రాలే, ఎవ్వడు మాఫీ అనలే. ఇయ్యాల మీకు మాఫీ అయితే, నా కొడుకు ఉత్తగనే సచ్చినట్టా? చెప్పున్రి. ఉత్తగనే సచ్చినట్టేనా?”

ముజాహిద్ తల దించుకున్నడు.

వెనక కూసున్న మమత లేచింది. కోదాడల ఒక చిన్న దవాఖానల నర్సు పని చేస్తాంది. వచ్చే జీతం కిరాయికి, తిండికే సరిపోదు. వడ్డీ గూడ తీరక అసలు పెరుగుకుంట వోతాంది. వసూలోళ్లు డ్యూటీల ఉండంగనే ఫోన్లు చేసి అందరి ముంగట అడుగుతున్నరు.

“పెద్దమ్మా, కట్టాలెననే అనుకుందాం,” అన్నది మెల్లగ. “నేనెట్ల కట్టాలె? మహేషన్న కట్టినట్టేనా?”

బిక్షమ్మ ఆ పిల్ల దిక్కు చూసింది. గిర్రున తిరిగి నడిచి వోయింది. ఆ దినం సందె పొయ్యి గూడ ముట్టియ్యలే.

రెండు దినాలకు బ్యాంకు మేనేజరే రొట్టెల కాడికొచ్చిండు. స్టూలు మీద కూసొని రొట్టె తిన్నడు, బాగుందన్నడు. బుధవారం బ్యాంకు ముంగట సభ వెడుతున్నమన్నడు. నిజాయితీగ కట్టినోళ్లకు సన్మానం. “మొదటి శాలువ నీకే అమ్మా. మీ అబ్బాయి పేరు మైకుల చెప్పి మరీ కప్పుతం.”

బిక్షమ్మ చేతులకున్న పిండి దులుపుకున్నది. మహేష్ పోయినంక వాని పేరు ఎవ్వరు గట్టిగ పలకలే. గనిల పలకలే, ఫ్యాక్టరీల పలకలే. ఆమె బాధవడ్తదని ఊరోళ్లు గూడ ఆమె ముంగట తీయరు.

“మైకుల చెప్తరా సారూ?”

“ఊరంత వినేటట్టు.”

“వస్త,” అన్నది.

బుధవారం పొద్దున షామియానా ఏసిండ్రు. కుర్చీలల్ల ఆఫీసర్లు, పక్కన ఎస్సై, పోలీసులు. రోడ్డుకు అవతల నోర్లకు నల్లగుడ్డలు కట్టుకొని ముజాహిద్, మమత, ఇంక పదిహేను మంది పిల్లలు. వాళ్ల ఎనుక లింగయ్య, హమాలీలు. జంగయ్య ఏ దిక్కు నిలవడాలెనో తెల్వక కరెంటు స్తంభం కాడ నిలవడ్డడు. బిక్షమ్మ ఉతికిన చీర కట్టుకొని ముంగటి వరుసల కూసున్నది.

మేనేజరు మైకందుకున్నడు. “ఈ తల్లిని చూసి నేర్చుకోవాలె! చేతికందిన కొడుకు చనిపోయిన దుఃఖంల గూడ బ్యాంకు బాకీ మరువలే. ఆమె కుమారుడు...” చేతిల కాయితం చూసుకున్నడు. “ఆమె కుమారుడు రమేష్ ఆత్మకు శాంతి కలగాలె. చావు గూడ సాకు గాదని చాటిన తల్లి! మరి అవతల నిలవడ్డోళ్లకు ఏం రోగం? కాళ్లు చేతులు బాగనే ఉన్నయి గద!”

కుర్చీలల్ల చప్పట్లు లేచినయి. శాలువ వట్టుకొని ఒకాయన దగ్గరికొచ్చిండు. బిక్షమ్మ లేచి, శాలువను దాటి, మైకు కాడికి నడిచింది.

“వాని పేరు మహేష్ సారూ,” అన్నది.

మేనేజరు నవ్వబోయి ఆగిండు.

“మహేష్. నా కొడుకు. పదహారు గంటలు రాళ్లల్ల నిలవడి సచ్చిండు, మీ కిస్తీ కోసం. నేను పైసలు తెచ్చిస్తే మీరు తీసుకున్నరు. గియ్యెక్కడియి అవ్వా అని ఒక్కడడగలే. సచ్చిన పిలగాని పైసలు మాకొద్దని ఒక్కడనలే. ఇయ్యాల గది నిజాయితీ అంటున్నరు. నా కొడుకును తెచ్చి గీ పిల్లల నెత్తిన కొడుతున్నరు.”

ఆమె రోడ్డు అవతలి దిక్కు తిరిగింది.

“మమతా... బిడ్డా, నేను ఎంత కాని మాటన్ననే. నేను కట్టిన గాబట్టి నువ్వు కట్టాలె అన్న. అంటే ఏంది? నా పిలగాడు సచ్చిండు గాబట్టి అందరి పిల్లలు సావాలెననే గద. తల్లినయ్యి గా మాటెట్లన్ననే! అవును, నా కొడుకు ఉత్తగనే సచ్చిండు. మూడేండ్లు గా మాట ఒప్పుకోలేకపోయిన. ఉత్తగనే...”

మైకు బందయింది. ఎవడో తీగ గుంజిండు. మైకు లేకుండనే ఆమె అరిచింది. “సారూ, నాకు వాపసేం ఇస్తరు మీరు? ఏం ఇయ్యగలరు? గీ పిల్లలను ఇడిసిపెట్టున్రి!”

మమత నోటికున్న నల్లగుడ్డ గుంజేసి రోడ్డు దాటి ఉరికొచ్చింది. ఆమె ఎనుక ముజాహిద్, లింగయ్య, హమాలీలు. అందరు బిక్షమ్మతోటి బ్యాంకు మెట్ల మీద కూసున్నరు. “అప్పులు రద్దు చేయాలె! వసూలు గూండాలను బందువెట్టాలె!” అని నినాదాలు లేచినయి. లాఠీలు లేచినయి. లింగయ్య నెత్తి పగిలింది. నెత్తురు కండ్లల్లకు కారుతున్నా ఆ మనిషి ఈపాలి ఒరగలే. బిడ్డ చుట్టూ చేతులేసి గట్టిగ కూసున్నడు. ఒక్కొక్కలను ఈడ్చి వ్యాన్ల ఏసిండ్రు. కరెంటు స్తంభం కాడికెల్లి జంగయ్య దిగ్గున వచ్చి తనంతల తనే వ్యానెక్కిండు.

స్టేషన్ల నలభై మూడు మందిని ఎండల నిలవెట్టిండ్రు. జర సేపటికి ఎస్సై వచ్చి, “బ్యాంకు బాకీ ఉన్నోళ్లు ఒక దిక్కు రాన్రి. లేనోళ్ల మీద కేసు లేదు, ఇండ్లకు వోన్రి,” అన్నడు.

ఎవ్వరు జరగలే. వాళ్లల్ల సగం మందికి పైన ఏ బాకీ లేనోళ్లే.

“నీకేముందిరా? నువ్వు గని పనోనివి గద?” అన్నడు ఎస్సై, జంగయ్యతోటి.

“నాకు అప్పు లేదు సారూ. అప్పుకు భయపడి బిడ్డను ఇంట్ల కూసోవెట్టిన. ఆమెను ఆపింది నేననే అనుకున్న గిన్ని దినాలు,” అని జంగయ్య నేల మీద కూసున్నడు. ఆయన ఎనుక ఒక్కొక్కలు కూసున్నరు. నలభై మూడు మంది కూసున్నరు.

ఎస్సై బిక్షమ్మ దిక్కు తిరిగిండు. ముసలిదాని మీద జాలి వడ్డట్టే ఉన్నది. “కొడుకు లేడు, బాకీ లేదు. నీకెందుకమ్మా ఈ లొల్లి? ఇంటికి వో.”

“వాడు లేకనే వచ్చిన సారూ. ఉంటే వాడే వచ్చేటోడు.”

రాసుకునే కానిస్టేబులు ఆమెను బల్ల కాడికి పిలిచి, తలెత్తకుంటనే, “పేరు? మొగని పేరు?” అన్నడు.

“బిక్షమ్మ. మొగడు పోయి పదిహేనేండ్లాయె. మహేష్ తల్లి అని రాయి.”

“గట్ల రాయరాదమ్మా.”

“రాయి,” అన్నది. మమత వచ్చి ఆమె పక్కన నిలవడి, “మహేష్ తల్లి అని రాయున్రి,” అన్నది. ఎనుకకెల్లి ముజాహిద్ అన్నడు. నెత్తికి గుడ్డ కట్టుకున్న లింగయ్య అన్నడు. గేటు బయట అప్పటికే డ్యూటీ దిగొచ్చిన గని కూలీలు తెల్లటి దుమ్ము మొఖాలతోటి నిండిపోయిండ్రు. లోపలికెల్లి వినవడ్డ పేరును వాళ్లందుకున్నరు. మహేష్, మహేష్ అని స్టేషను గోడలదిరేటట్టు పలుకుతున్నరు.

బిక్షమ్మ అట్లనే నేల మీద కూలవడి, మూడేండ్లల్ల మొదటిపాలి, గుండెలు బాదుకొని ఏడ్చింది. ఎవ్వరు ఆమెను ఊకోమనలే.