సొట్ట పడని బండి

వీధి చివరి మేడ ముందు కరెంటుతో నడిచే కొత్త ట్రక్కు దిగిన రోజు నుంచి జనం ఈగల్లా మూగారు. రంగు వేయని ఉక్కు రేకు, కత్తిరించినట్టున్న అంచులు, మనిషి ఛాతీ ఎత్తున మూతి. మేడ యజమాని వచ్చినవారందరి చేతికీ సుత్తి ఇచ్చి తలుపు మీద కొట్టమనేవాడు.

“కొట్టండి బావగారూ, మొహమాటమెందుకు! సొట్ట పడితే బండి మీదే.”

బావగారు కొట్టారు. పడలేదు. చప్పట్లు మోగాయి.

“వెనక తొట్టికున్న ఆ ఏటవాలు గోడ మీంచి సామాను ఎక్కించాలంటే చెయ్యి అందదు కదండీ?” అని ఒక తాపీమేస్త్రి నసిగాడు.

“ఇందులో ఇసుక పోస్తావుటయ్యా?” అని అంతా నవ్వారు. సామాను మోయనిది ట్రక్కెందుకయిందని ఒక్కడూ అడగలేదు. అదీ మన తెలివి.

నాలుగో రోజు పొద్దున గేటు దాటుతూ ఆ ట్రక్కు వీధి ఊడ్చే ఆమెను పడేసింది. వంగి చెత్త ఎత్తుతున్న మనిషి ఆ మూతి వెనక నుంచి కనబడలేదు. తుంటి ఎముక విరిగింది. యజమాని దిగి మొదట చూసుకున్నది బండిని. జేబురుమాలుతో తుడిచి మరీ చూశాడు.

“ఒక్క గీత లేదు! గుద్దితే గీతైనా పడదా? తనే జారి పడింది.”

ఛీ! ఆ మాట ఇన్సూరెన్సు అధికారి చెవికి తేనెలా సోకింది. సొట్ట లేదు గనుక గుద్దలేదు. గుద్దలేదు గనుక పరిహారం లేదు, ఆమెకు ఆపరేషనూ లేదు. ఆ ముక్క రాసి సంతకం పెట్టమని డెంటింగ్ మేస్త్రిని పిలిపించారు. ముప్పై ఏళ్లుగా బండ్ల సొట్టలు తీస్తున్నవాడు. యజమాని కంపెనీ కార్లన్నీ అతని షెడ్డుకే వస్తాయి. అవి ఆగితే షెడ్డు మూతే.

“చూసి చెప్పవయ్యా. సొట్ట ఉందా?” అన్నాడు అధికారి.

మేస్త్రి బండి మూతి మీద అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా నిమిరాడు. “లేదండి.”

“అదే రాయి మరి.”

“మామూలు కారయితే రేకు లోపలికి పోయేది సార్. దెబ్బలో కొంత అది మింగేది. ఇది మింగదు. ఉన్నదంతా ఆ ఊడ్చే అక్క ఒంట్లోకే పోయింది. సొట్ట కావాలా? ఆస్పత్రికి పదండి, ఎక్స్‌రేలో ఉంది.”

“ఐదో తరగతి వెధవవి, నాకు పాఠాలు చెబుతావా?” యజమాని మండిపడ్డాడు.

“చదివింది ఐదేనండి. కానీ నా దగ్గరికొచ్చిన ప్రతి కారూ తను నలిగి మనిషిని కాపాడిందే. ఇది నలగనంటోంది. ఇక నలిగేదెవరండి?”

సొట్ట లేదు, గుద్దింది మాత్రం నిజమని పెద్ద అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు. తనే పిలిపించి రాయించిన కాగితం గనుక అధికారి దాన్ని చింపలేకపోయాడు. పరిహారం వచ్చి ఆమెకు ఆపరేషన్ జరిగింది. మేస్త్రి షెడ్డు ముందు మాత్రం కంపెనీ కారు మళ్లీ ఆగలేదు.

అయ్యలారా, అమ్మలారా! బండి ఎంత గట్టిదో కొన్నవాడు చెబితే చాలదు. దాని ముందు నడిచే మనిషికి అది ఎంత మెత్తనిదో తేల్చుకున్నాకే రోడ్డెక్కనివ్వాలి.